పాఠం చల్లారక ముందే

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నర్సింగ్, మెడికల్ కళాశాలల్లో ఈమధ్య ట్యాబ్‌ల మీద చిన్న చిన్న పరీక్షలు పెడుతున్నారు. పిల్లలు జవాబు నొక్కుతుండగానే ఎంతమంది ఏది నొక్కారో టీచరు తెర మీద కనిపిస్తుంది. పోయిన సంచికలో దీని గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మహబూబాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక ఈ వైపు వైద్యం చదివేవారూ చెప్పేవారూ పెరిగారు. ఉత్తరాలు కూడా ఎక్కువగా అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. 31 ఏళ్లు వరంగల్‌లో నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పినదాన్ని కాబట్టి నా ఉదాహరణలు చాలావరకు వార్డులోవే ఉంటాయి.

ప్రశ్న: మా నర్సింగ్ కళాశాలలో ఈ ఏడాది నుంచి ప్రతి శనివారం ట్యాబ్ మీద 20 ప్రశ్నల పరీక్ష పెడుతున్నాం. ముగిసిన నిమిషానికే రంగురంగుల పట్టీలు, శాతాలు, ర్యాంకులు వచ్చేస్తున్నాయి. నేను క్లాసు సగటు రాసుకుని ప్రిన్సిపల్ మేడమ్‌కు పంపుతున్నాను. అంతకు మించి ఏం చేయాలో తెలియడం లేదు. మీరైతే ముందు ఏమి చూస్తారు?
– ఒక ట్యూటర్, మంచిర్యాల

జవాబు: అమ్మా, సగటును అన్నిటికన్నా చివర చూడండి. ముందు చూడవలసింది తప్పు జవాబులను. వాటిలోనూ ఎక్కువ మంది ఒక్కచోటే గుమిగూడిన తప్పును.

ఒక రోజు సంగతి చెబుతాను. పత్తి చేలకు పురుగుమందు కొట్టే కాలం వచ్చిందంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆర్గానోఫాస్ఫేట్ విషం కేసులు ఎలా ఉంటాయో ఈ జిల్లాల నర్సులకు చెప్పనక్కరలేదు. మందు తాగినవారు, కొడుతుండగా ఒంటికి పట్టినవారు వస్తారు. దానికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టాక రాత్రంతా ఆ మంచం పక్కన ఉండేది నర్సే. అందుకే మూడో ఏడాది పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చాను: అట్రోపిన్ సరిపోయిందని ఏ గుర్తును బట్టి చెబుతారు? ఆప్షన్లు నాలుగు. కంటిపాపలు పెద్దవి కావడం, ఊపిరితిత్తుల్లో గరగర పోయి స్రావాలు ఆరడం, నాడి 140 దాటడం, రోగికి పూర్తిగా స్పృహ రావడం.

60 మందిలో 34 మంది కంటిపాపలు అన్నారు. ఊపిరితిత్తులు అన్నవారు 19 మంది. నాడి అని ఐదుగురు, స్పృహ అని ఇద్దరు నొక్కారు.

సగటు మాత్రమే చూస్తే ఇది కష్టమైన ప్రశ్న అని వదిలేస్తాం. కానీ తెలియక గుడ్డిగా నొక్కితే జవాబులు నాలుగు వైపులా చెదిరిపోవాలి కదా. 34 మంది ఒకే తప్పు పట్టుకున్నారంటే అది వారికి ఎవరో నేర్పి ఉండాలి. నేర్పింది నేనే. రెండు వారాల ముందు ఈ విషం లక్షణాలు చెబుతూ నల్లబల్ల మీద సూదిమొనంత కంటిపాప గీశాను, పక్కనే అట్రోపిన్ ఇచ్చాక పెద్దదైన పాప గీశాను. ఊపిరితిత్తుల గురించి నోటితో చెప్పి ఊరుకున్నాను. పిల్లలు బొమ్మను పట్టుకెళ్లారు, మాటను వదిలేశారు.

ప్రాణం తీసేది ఊపిరితిత్తుల్లో నిండే స్రావం. స్టెతస్కోపు పెడితే గరగర పోయిందా, చంకలు ఆరాయా, నాడి 80 దాటిందా, పై రక్తపోటు 80 దాటిందా అని చూడాలి. పాపను ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. మందు నేరుగా కంట్లో పడిన మనిషికి అట్రోపిన్ సరిపోయినా పాప చాలాసేపు చిన్నగానే ఉండవచ్చు. అది పెద్దదయ్యేదాకా మందు ఎక్కిస్తూ పోతే అట్రోపిన్ మితిమీరి జ్వరం, పిచ్చి ప్రేలాపన మొదలవుతాయి. మరో రోగి విషయంలో పాప పెద్దదైందని డ్రిప్ తగ్గిస్తే, లోపల ఊపిరితిత్తులు తడిగానే ఉండిపోవచ్చు.

అయితే ఇదంతా నేను వెంటనే చెప్పలేదు. ఏది సరైనదో చూపకుండా తెర ఆపేసి, పక్కవారితో మూడు నిమిషాలు వాదించుకోమన్నాను. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. క్లాసులో 30 నుంచి 70 శాతం మందికి సరైన జవాబు తెలిసినప్పుడు ఈ వాదన బాగా పనిచేస్తుంది. అంతకన్నా తక్కువ మందికి తెలిస్తే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువ మందికి తెలిస్తే ఒక్క మాట చెప్పి ముందుకు పోవచ్చు. నా 19 మంది, అంటే దాదాపు 32 శాతం, ఆ 30 శాతం గీతకు కాస్త పైన ఉన్నారు. నేను బెంచీల మధ్య తిరుగుతూ విన్నాను. చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి పక్క పిల్లను అడుగుతోంది: “పాప పెద్దదైతే బతుకుతాడా, ఊపిరి ఆడితే బతుకుతాడా?” రెండోసారి నొక్కమంటే 41 మంది ఊపిరితిత్తులు అన్నారు. ఆ పిల్ల అడిగిన ప్రశ్ననే తర్వాత ప్రతి బ్యాచ్‌కూ నా పాఠంలో చెప్పాను.

ఇదంతా పావుగంటలో జరిగింది, పాఠం వేడి మీద ఉండగానే. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరీక్ష ఫలితాల దాకా ఆగి ఉంటే ఆ పిల్లలు అప్పటికి పై ఏడాదికి వెళ్లిపోయేవారు, నేను కొత్త బ్యాచ్‌కు అదే బొమ్మ గీస్తూ ఉండేదాన్ని.

మీ సాఫ్ట్‌వేర్‌లో వీలుంటే ఇంకొకటి చేయండి. ప్రతి జవాబుతో పాటు ఎంత నమ్మకంగా ఉన్నారో కూడా అడగండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో టోనీ గార్డ్‌నర్-మెడ్విన్ అనే ఆచార్యుడు దీనికి ఒక మార్కుల పద్ధతి పెట్టారు. నమ్మకం తక్కువని చెప్పి సరిగ్గా రాస్తే ఒక మార్కు, తప్పితే సున్నా. మధ్యస్థమైతే రెండు, తప్పితే మైనస్ రెండు. గట్టి నమ్మకమని చెబితే మూడు, తప్పితే మైనస్ ఆరు. వార్డులో సందేహం ఉన్న నర్సు సిస్టర్ ఇన్‌చార్జిని అడుగుతుంది. తప్పును గట్టిగా నమ్మిన నర్సు ఎవరినీ అడగదు. ఆ రెండో పిల్ల ఎవరో వార్డుకు పంపకముందే మీకు తెలియాలి. ఇందులో మనకు ధైర్యమిచ్చే సంగతీ ఒకటి ఉంది. గట్టిగా నమ్మి చేసిన తప్పును వెంటనే సరిదిద్దితే, నమ్మకం లేకుండా చేసిన తప్పు కన్నా అదే బాగా సరవుతుందని 2001లో వచ్చిన ఒక పరిశోధన చూపింది.

కాబట్టి శనివారం పరీక్ష ముగియగానే ర్యాంకుల పేజీ తెరవకండి. ఎక్కువ మంది గుమిగూడిన తప్పులు మూడు ఏరండి. ఆ మూడింటికి అరగంట కేటాయించండి. మేడమ్‌కు సగటుతో పాటు ఆ మూడు తప్పులూ రాసి పంపండి.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ ప్రతి ప్రశ్నకూ డిఫికల్టీ ఇండెక్స్, డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అని రెండు అంకెలు చూపుతుంది. ఒక ప్రశ్నకు రెండోది మైనస్‌లో వచ్చింది. క్లాసులో ముందుండే పిల్లలే దాన్ని తప్పు చేశారు. తీసేయమంటారా?
– ఒక లెక్చరర్, కరీంనగర్

జవాబు: తీసేయడానికి ముందు ఆ ముందుండే పిల్లల్లో ఇద్దరిని పిలిచి ఎందుకలా రాశారో అడగండి. ఇతర పాఠకుల కోసం ఆ రెండు అంకెల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటిది, ఎంత శాతం మంది సరిగ్గా రాశారన్నది. రెండోది, మొత్తం మార్కుల్లో పైన ఉన్న 27 శాతం మందిలో ఎంతమంది సరిగ్గా రాశారు, కింద ఉన్న 27 శాతం మందిలో ఎంతమంది రాశారు అన్న తేడా. ఆ 27 శాతం లెక్క 1939లో ట్రూమన్ కెల్లీ చూపినది, ఇప్పటికీ నడుస్తోంది. తేడా 0.2 కన్నా తక్కువైతే ప్రశ్నను మళ్లీ చదవాలి. మైనస్ వస్తే మాత్రం తప్పు పిల్లల్లో కాకుండా ప్రశ్నలోనో, మనం సరైనవని రాసి పెట్టుకున్న జవాబుల కీలోనో ఉందని ముందుగా అనుమానించాలి.

నా క్లాసులో జరిగింది ఇది. పాము కాటుతో వచ్చిన రోగి రక్తం, గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచితే మామూలుగానే గడ్డకట్టింది, విరుగుడు ఇవ్వాలా అని అడిగాను. కీలో ‘అవసరం లేదు’ అని పెట్టుకున్నాను. పైనున్న 16 మందిలో ఐదుగురే అలా రాశారు, కిందనున్న 16 మందిలో 11 మంది రాశారు. లెక్క వేస్తే మైనస్ 0.375. పైనున్న పిల్లలను అడిగితే ఒకే మాట అన్నారు: “మేడమ్, కట్లపాము అయితే?”

నిజమే. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కట్లపాము విషం పోయేది నరాల మీదికి. రక్తం చక్కగా గడ్డకడుతుంది, కనురెప్పలు మాత్రం వాలిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆగుతుంది. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరిస్తే గాటు కూడా కనిపించకపోవచ్చు. నా ప్రశ్నలో రెప్పల సంగతే లేదు. బాగా చదివిన పిల్లలు లేని విషయం గురించి ఆలోచించి నష్టపోయారు, చదవనివారు గడ్డకట్టింది కదా అని ఒక్కటే చూసి మార్కు తెచ్చుకున్నారు. అందరికీ ఆ మార్కు ఇచ్చేశాను. ప్రశ్నకు ‘రెప్పలు వాలుతున్నాయి’ అన్న రెండు మాటలు చేర్చి, కీ మార్చి, మరుసటి వారం మళ్లీ పెట్టాను.

మీ బ్యాచ్ చిన్నదైతే ఈ అంకెను మరీ నమ్మకండి. 20 మంది ఉన్న క్లాసులో పైన ఐదుగురు, కింద ఐదుగురే లెక్కకు వస్తారు. ఒక్క పిల్ల జవాబు మారితే అంకె 0.2 మారిపోతుంది. అలాగే, మైనస్ వచ్చిన ప్రశ్నను దానంతటదే తొలగించే సౌకర్యం మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఆపేయండి. ఆ ప్రశ్నను మీరు చదవాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ మొదటి ఏడాది. మా వంశంలో డాక్టరు చదువుకు వెళ్లింది తనే మొదలు. కళాశాల యాప్ నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆనాటి పరీక్షలో ఎన్ని మార్కులో, క్లాసులో ఎన్నో స్థానమో నా ఫోనుకు వస్తుంది. తక్కువ వచ్చిన రోజు ఫోను చేసి కారణం అడుగుతాను. మూడు వారాలుగా ఊఁ, ఆఁ తప్ప మాట్లాడటం లేదు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు ఆ మెసేజ్ పంపడమే తప్పు. అది మీరు చేసింది కాదు, కళాశాల చేసింది.

రోజువారీ చిన్న పరీక్ష నేర్చుకోవడంలో ఒక భాగం. నాట్లు వేసిన మర్నాడే ఎకరాకు ఎన్ని బస్తాలని ఎవరైనా అడుగుతారా? 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక కూడా నడుమ నడుమ పెట్టే ఇలాంటి పరీక్షలకు పెద్ద చోటు ఇచ్చింది. పిల్ల ఎక్కడ తడబడుతోందో చూసి చేయి పట్టుకోవడానికే ఇవి.

ఒక ప్రయోగం గురించి మీకు తప్పక చెప్పాలి. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించారు. కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. ఇంకొందరితో ఒక్క విడతే చదివించి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదువుతూ పోయినవారికి 83 శాతం గుర్తుంది, రాసినవారికి 71. వారం తర్వాత అడిగితే చదివినవారికి 40, రాసినవారికి 61. అంటే పరీక్షలో తడబడుతూ గుర్తుచేసుకున్న పిల్లకు ఈ రోజు తక్కువ వచ్చినా, వారం తర్వాత నిలిచేది ఆమెకే. రాత్రి ఎనిమిదింటికి మీకు వచ్చే అంకె ఆ వారం తర్వాతి సంగతి చెప్పదు.

ఈ మాట నేను బాధపడి నేర్చుకున్నాను. ఒక కళాశాలలో పనిచేస్తున్నప్పుడు, వారం వారం తక్కువ మార్కులు వచ్చినవారి పేర్లు ఎర్ర సిరాతో నోటీసు బోర్డు మీద పెట్టించాను. వాళ్లు పట్టుదలతో చదువుతారనుకున్నాను. నెల తిరిగేసరికి మార్కులు అమాంతం పెరిగాయి. తప్పులన్నీ మాయమయ్యాయి. నేను సంతోషించాను. ఆ తర్వాత వార్డులో చూస్తే అవే పిల్లలకు ఇన్సులిన్ సిరంజి మీది గీతలు చదవడం రాలేదు. ఎర్ర సిరాకు భయపడి పక్కవారివి చూసి నొక్కారు. నేను చేయి పట్టుకోవలసిన చోటు నాకే కనిపించకుండా చేసుకున్నాను. ఆ జాబితాలో మూడు వారాలు వరుసగా పేరు వచ్చిన ఒక అమ్మాయి ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీరు ఈ రాత్రికే ఆ మెసేజ్‌లు రాకుండా ఆపేయండి. ఆపేసినట్టు మీ అమ్మాయికి మీరే చెప్పండి. ఫోను చేసినప్పుడు మార్కుల ఊసు ఎత్తకుండా, ఈ రోజు డిసెక్షన్ హాల్లో ఏమి చూశావమ్మా అని అడగండి. చెయ్యి చూశామంటే, చెయ్యిలో ఏముంటుందో నాకూ చెప్పమనండి. ఆమె మీకు వివరించడం కూడా చూడకుండా గుర్తుచేసుకోవడమే. ఆ తర్వాత కళాశాలకు ఒక ఉత్తరం రాయండి, రోజువారీ మార్కులు టీచరుకు, విద్యార్థికి మధ్యనే ఉంచమని. మీతో మరో నలుగురు తల్లిదండ్రులు సంతకం పెడితే మంచిది.

ప్రశ్న: మాది ములుగు వైపు చిన్న ఏఎన్‌ఎం శిక్షణ కేంద్రం. ట్యాబ్‌లు లేవు, నెట్ ఎప్పుడుంటుందో తెలియదు. 28 మంది పిల్లల్లో సగం మందికి స్మార్ట్‌ఫోను లేదు. ఇదంతా మాకు అందే పనేనా?
– ఒక టీచరు

జవాబు: అందుతుంది. ఒక కాగితాన్ని నాలుగుగా మడిచి ఒక్కో భాగం మీద అ, ఆ, ఇ, ఈ అని పెద్దగా రాయించండి. ప్రశ్న చదివి, అందరినీ కళ్లు మూసుకుని, ఎంచుకున్న అక్షరం మీకు కనిపించేలా గుండెకు ఆనించి పట్టుకోమనండి. కళ్లు మూసుకోవడం ముఖ్యం, లేకపోతే అందరూ ఫస్టు వచ్చే పిల్ల కాగితమే చూస్తారు. 28 కాగితాలు లెక్కపెట్టడానికి నిమిషం చాలు. లెక్కను నల్లబల్ల మీద సుద్దతో రాయండి. కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు ఎన్ని గంటల దాకా వాడవచ్చు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. 24 గంటలని ఎంతమంది అంటారో, రెండు రోజులని ఎంతమంది అంటారో మీకే తెలుస్తుంది.

మీ ఒక్కరి ఫోను ఉంటే ప్లికర్స్ అనే యాప్ కార్డులు కూడా వాడవచ్చు. ప్రతి పిల్లకూ ఒక నలుపు తెలుపు కార్డు ఇస్తారు. జవాబును బట్టి కార్డును ఒక పక్కకు తిప్పి పట్టుకుంటారు, మీ ఫోను కెమెరా అన్నింటినీ చదువుతుంది. పక్క పిల్లకు అర్థం కాదు, పేరు పేరునా లెక్క కూడా మిగులుతుంది. కార్డులు ఒకసారి ప్రింటు తీయించి అట్టకు అతికించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. డ్రిప్ లెక్కలు ట్యాబ్ మీద అన్నీ సరిగ్గా చేస్తాను, డ్యాష్‌బోర్డులో నా పేరు ఎప్పుడూ ఆకుపచ్చలోనే ఉంటుంది. వార్డులో సెలైన్ కట్టమంటే మాత్రం చేతులు ఆగిపోతాయి. నాలో ఏదైనా లోపం ఉందా మేడమ్?
– ఒక విద్యార్థిని, భూపాలపల్లి

జవాబు: లేదమ్మా. ట్యాబ్ నిన్ను అడిగేది వేరు, వార్డు అడిగేది వేరు. 1990లో జార్జ్ మిల్లర్ అనే వైద్యవిద్యా నిపుణుడు నేర్పును నాలుగు మెట్లుగా చెప్పారు. తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపడం, నిజమైన పనిలో చేయడం. నీ ఆకుపచ్చ రంగు మొదటి రెండు మెట్లది.

ట్యాబ్ మీది ప్రశ్న ఎలా ఉంటుందో చూడు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో వెళ్లాలి, సెట్టులో, అంటే సెలైన్ గొట్టంలో, మిల్లీలీటరుకు 20 చుక్కలు, నిమిషానికి ఎన్ని? 500ని 20తో గుణించి 240తో భాగిస్తావు, 42 అని నొక్కుతావు. వార్డులో ఆ 20 నీకు ఎవరూ చెప్పరు. అది సెట్టు కవరు మీద ఉంటుంది. చిన్నపిల్లలకు వాడే మైక్రో సెట్టు అయితే 60 చుక్కలు, అప్పుడు జవాబు 125. ఆపైన గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టాలి, చుక్కల వేగం మార్చే రోలరు కదపాలి, పక్కన రోగి తల్లి ఏదో అడుగుతూ ఉంటుంది. నీ చేతులు ఆగిపోయేది ఇక్కడే.

స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో మొదలుపెట్టిన, పనిని అంచెలంచెలుగా చేయించి చూసే ఓస్కీ పరీక్ష ఇందుకోసమే. మీ కళాశాలలో అది పెట్టేటప్పుడు మేస్టర్లు ఒక్కో అంచెకూ ట్యాబ్‌లో టిక్కు పెడుతుంటే, క్లాసంతా తప్పిపోతున్న అంచె అదే రోజు బయటపడుతుంది. నేను అలా పెట్టించిన రోజు లెక్క దాదాపు అందరికీ వచ్చింది, కవరు చదివినవారు నలుగురే. మరుసటి రోజు పాఠంలో లెక్కల జోలికి పోకుండా గంటసేపు సెట్టు కవర్లు చదివించాను. మీ ట్యూటర్‌కు ఈ ఉత్తరం చూపించి అలా ఒకసారి పెట్టమని అడుగు.

అంతవరకు నువ్వు చేయగలిగింది ఒకటుంది. సిస్టర్‌ను అడిగి ఒక పాత సెలైన్ సీసా, వాడని సెట్టు తెచ్చుకుని హాస్టల్లో కిటికీ ఊచకు వేలాడదీయి. కింద బకెట్ పెట్టు. కవరు చింపి పారేయకముందే చదువు. 42 చుక్కలంటే 15 సెకన్లకు పది, పదకొండు పడాలి. గడియారం చేత్తో పట్టుకుని రోలరు తిప్పుతూ ఆ లెక్కకు తీసుకురా. పక్కన నీ స్నేహితురాలిని కూర్చోబెట్టి, రోగి తల్లిలా ప్రశ్నలు అడుగుతూ ఉండమను. ఎన్నోసారికి చేయి ఆగకుండా వచ్చిందో నాకు రాయి.